బండ తీయడానికి వెళ్లినవాళ్లం

ముప్పై రెండేళ్లకే నేను రిటైర్ అయ్యాను. ఆ మాట నాది కాదు, మా యాదగిరి సార్‌ది. రెజిమెంటల్ బజార్‌లో ఆయనకు ఫోటో స్టూడియో ఉంది. అక్కడ ఆరేళ్లు పనిచేశాక, ఏడో నెలలో కడుపు కెమెరా స్టాండుకు అడ్డం వస్తోందని చెప్పి మానేస్తానన్నాను. మర్నాడు ఆయన ఒక శాలువా, ఒక బంతిపూల దండ తెప్పించి, పాస్‌పోర్టు ఫోటోలకోసం వచ్చి కూర్చున్న నలుగురితో చప్పట్లు కొట్టించి, "రిటైర్మెంటంటే గిట్లనే చేస్తరు బిడ్డా" అని కప్పేశారు. ఆ శాలువా ఇప్పుడు మా అమ్మాయి పక్కబట్టల్లో కలిసిపోయింది.

నా జాగాలో స్రవంతి అనే అమ్మాయి చేరింది. ఇంకా డిగ్రీ పట్టా చేతికి రాలేదు. మొన్న మారేడ్‌పల్లిలో మా ఇంటికొచ్చి, "అక్కా, పని ఏందని సార్‌ను అడిగితే చేస్తుంటే తెలుస్తదంటుండు. నువ్వన్న జెర రాసియ్యి" అంది. పగలు నాకు తీరిక ఉండదు. పిల్ల నిద్రపోయాక రాస్తున్నాను. నడుమ నడుమ దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకు రావడానికి లేస్తుంటాను కాబట్టి, ఎక్కడైనా మాట తెగినట్టుంటే కారణం అదే.

పని ఏమిటంటే

స్టూడియో కింది భాగంలో పెళ్లిళ్ల ఆల్బమ్‌లు, పాస్‌పోర్టు ఫోటోలు. వీసా ఫోటోలకు చెవులు రెండూ కనపడాలన్న నిబంధన వచ్చాక ఆ గది ముందు ఎప్పుడూ వరసే. మన పని పైగదిలో. అక్కడ క్యాలెండర్లు తయారవుతాయి.

బేగంపేట వైపు అద్దాల ఆఫీసులు లేచిన కొత్తలో ప్రతి కంపెనీకీ ఒక క్యాలెండర్ కావాలనిపించింది. దేవుళ్లు వద్దు, సినిమా తారలు వద్దు. ఊళ్లో ప్రశాంతంగా ఉండే చోట్లు కావాలి. నీళ్లు, చెట్లు, రాళ్లు. మనుషులు ఉండకూడదు, కరెంటు తీగలు ఉండకూడదు, ఏ గోడమీదా ట్యూషన్ ప్రకటన ఉండకూడదు. సికింద్రాబాద్‌లో ఇలాంటి చోట్లు ఏడాదికి పన్నెండు వెతకాలి. ఆ పన్నెండూ వెతికి ఫోటో తీసేదాన్ని నేను.

ఒక సంగతి ముందే చెప్పాలి. మా స్టూడియోలో ఫోటో అనే మాట ఎవరూ వాడరు. వంటవాడు రోజంతా వంట వంట అనడు కదా. "చెరువు తీసినవా?" "చర్చి రేపు తీస్త సార్." "ఆ చింతచెట్టు సక్కగ రాలే, మల్ల తియ్." ఇలాగే మాట్లాడుకుంటాం. ఆరేళ్లలో నేను కంటోన్మెంటు చెట్లు సగం తీశాను, రెండు గడియారాలు తీశాను, ఒక రైలు వంతెన తీశాను. ఇందులో వినేవాళ్లకు ఇబ్బంది ఉంటుందని నాకు ఎప్పుడూ తట్టలేదు.

మూడుసార్లు వెళ్లాలి

యాదగిరి సార్ నేర్పిన పద్ధతి ఒక్కటే. ఏ చోటికైనా మూడుసార్లు వెళ్లాలి. "మొదటిసారి చూడనీకె. రెండోసారి అడగనీకె. మూడోసారి తీయనీకె. మొదటి రెండుసార్లు కెమెరా ముట్టొద్దు."

కెమెరా ఎందుకు వద్దని అడిగాను. "డబ్బా కనిపిస్తే మనుషులు కొంగులు సర్దుకుంటరు. జాగ సుత సర్దుకుంటది" అన్నారు.

ఇది చాదస్తమని ఏడాదిపాటు అనుకున్నాను. తర్వాత ఒప్పుకున్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు ఏ చోటైనా పెళ్లిచూపుల్లో పిల్లలాగే ఉంటుంది. రెండోసారి వెళ్తేనే అసలు సంగతి తెలుస్తుంది. కంటోన్మెంటులో ఒక సందుంది. రెండు వైపులా నిద్రగన్నేరు చెట్లు, కింద పువ్వు రాలి గులాబిరంగు తివాచీ పరిచినట్టుంటుంది. ఎంత నిశ్శబ్దమంటే నా చెప్పుల చప్పుడుకు నేనే సిగ్గుపడ్డాను. రెండోసారి వెళ్తే ఆ గోడ వెనక పెళ్లి బ్యాండువాళ్లు సాధన చేస్తున్నారు. ఒకే పాటను, ఒకే తప్పుతో, గంటన్నర వాయించారు. మొదటిసారి వెళ్లింది వాళ్ల సెలవురోజట.

ఫోటోలో చప్పుడు పడదు కదా అని నువ్వనవచ్చు. నేనూ అన్నాను. "తీసేటోని చెయ్యిల పడ్తది" అన్నారు సార్. మర్నాడు ఫిల్ము కడిగి చూస్తే పది ఫ్రేములు కదిలిపోయి ఉన్నాయి.

జనవరి నెలలో నా తప్పు

పద్ధతి తప్పితే ఏమవుతుందో కూడా చెప్పాలి. నా రెండో ఏడాది, గడువు దగ్గర పడిందని ఒక చోటికి ఒక్కసారే వెళ్లి తీసుకొచ్చేశాను. పొడవాటి పచ్చగడ్డి, పాత రాతిగోడ, దాని మీద విరగబూసిన కాగితంపూలు, పొద్దుటి మంచు. అంత బాగా నేను అంతకుముందు తీయలేదు. జనవరి పేజీకి ఎక్కించారు.

క్యాలెండర్లు పంచాక కంపెనీ మేనేజరు ఫోన్ చేశారు. చాలా మర్యాదస్తుడు. "మేడమ్, జనవరి లొకేషన్ అందరికీ నచ్చింది. ఏ రిసార్ట్ అది? మా టీమ్ అవుటింగ్ అక్కడ పెట్టుకుందామని."

భూతద్దం పెట్టి చూశాను. గడ్డి మధ్యలో, ఎడమ మూలన, ఒక రాతి శిలువ. అది దొరల కాలం నాటి శ్మశానం. నేను వెనక గోడ వైపు నుంచి దూరి తీశాను కాబట్టి ముందు గేటు మీది బోర్డు చూడలేదు.

అక్కడ గదులు ఖాళీ లేవని చెప్పాను. అబద్ధమైతే కాదు.

సార్ తిట్టలేదు. జనవరి నెలంతా స్టూడియో గోడకు ఆ పేజీ నా కుర్చీకి ఎదురుగా తగిలించారు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నేను మూడుసార్లకు తక్కువ ఎక్కడికీ వెళ్లలేదు. మా అమ్మ విజయనగరం మనిషి. నాన్నగారి రైల్వే ఉద్యోగంతో ఇక్కడికొచ్చి పాతికేళ్లయినా ఆమె మాట మారలేదు. "ఏటే, చూసినదాన్నే చూడ్డానికి జీతమిస్తారేటి?" అనేది. ఇచ్చేది అందుకే.

బండ

ఇప్పుడు నేను నిజంగా రాయాలనుకున్నది.

మారేడ్‌పల్లి దాటి కొంత దూరం వెళ్తే ఒక పాత బస్తీ ఉంది. పేరు రాయను. జనవరి తర్వాత నేను పెట్టుకున్న నియమం అది. బస్తీ చివర ఖాళీ జాగాలో ఒక పెద్ద పలకబండ, దాని మీద ఇంకో గుండ్రాయి. కుండ మీద కుండ పెట్టి మరిచిపోయినట్టు ఉంటుంది. పొద్దున్నే ఎండ పడితే ఆ రాయి బెల్లం రంగులోకి తిరుగుతుంది. డిసెంబరు పేజీకి ఇదే అనుకున్నాను.

మొదటిసారి వెళ్లి చూశాను. పలకబండ నిండా తెల్లటి పాత చీరలు పరిచి, వాటి మీద వడియాలు. పక్కన చల్ల మిరపకాయలు. ఒక పెద్దావిడ కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది. పేరు నర్సమ్మ. బండను ఆనుకునే ఆమె ఇల్లు. వానలు వెనక్కి తగ్గినప్పటి నుంచి మళ్లీ వానలు వచ్చేదాకా ఆ బండమీదే వడియాలు, అప్పడాలు ఎండబెట్టి మారేడ్‌పల్లి ఇళ్లకు తిప్పి అమ్ముతుంది. మేడలమీద ఎండితే ఆ కరకర రాదని, ఈ బండ రాత్రి కూడా వేడిగా ఉంటుందని చెప్పింది. ఆ బస్తీలో పదముగ్గురు ఆడవాళ్లు ఆమె దగ్గర పిండి రుబ్బి, ఒత్తి, బతుకుతున్నారు. ఆ బండే వాళ్ల కార్ఖానా.

రెండోసారి అడగడానికి వెళ్లాను. చేతిలో నోటుపుస్తకం, ఎండ ఎటునుంచి వస్తుందో చూసుకోవడానికి ఒక దిక్సూచి. కెమెరా లేదు. బండ చుట్టూ అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరిగి, రాసుకుని, నర్సమ్మ దగ్గరికెళ్లి మా ఇంటి మర్యాదంతా గొంతులో పెట్టి చెప్పాను.

"అమ్మా, రేపు పొద్దున్నే వచ్చి ఈ బండ తీస్తామండి."

ఆమె చేతిలో కర్ర ఆగిపోయింది. "ఏందీ?"

"ఈ బండండి. మీరు కాదనకపోతే రేపే తీస్తాం."

"ఎవలు తియ్యమన్నరు?"

"బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లండి."

"మొన్న టేపు వట్టుకొని ఇద్దరు కొలిచి పోయిండ్రు. వాళ్లు మీవోళ్లేనా?"

చోట్లు చూడటానికి మనిషిని పంపుతామని కంపెనీవాళ్లు అని ఉన్నారు. "అయ్యుంటారండి" అన్నాను.

"మొత్తం తీస్తరా, పైదొక్కటేనా?"

"మొత్తం తీస్తామండి. కిందినుంచి పైదాకా. సగం తీస్తే బాగుండదు."

"గింత బండ తియ్యనీకె ఎన్ని దినాలైతది?"

"దినాలెందుకమ్మా, ఒక గంట. వెలుగు బాగుంటే రెండు మూడు షాట్లలో అయిపోతుంది. కాకపోతే ఆ గంటసేపు మీరందరూ దూరంగా ఉండాలి. వడియాలు కూడా రేపటికి లోపల పెట్టేసుకోండి."

స్రవంతీ, ఈ మాటలు మళ్లీ ఒకసారి చదువు. ఇందులో నేను చెప్పిన ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. బండ రాళ్లు పేల్చేవాళ్లు కూడా పేలుడును షాట్ అనే అంటారని నాకు తర్వాత తెలిసింది.

నర్సమ్మ కర్రను బండకు ఆనించింది. "నీకు అమ్మ ఉన్నదా?" అంది.

"ఉందండి."

"ఆమెకు ఎర్కేనా, నువ్వు ఈ పని జేస్తున్నట్టు?"

"తెలుసండి. మొదట్లో భయపడింది, ఇప్పుడు అలవాటైంది."

ఆమె వడియాలున్న చీరల అంచులు మడవడం మొదలుపెట్టింది. అనుమతి దొరికిందనుకుని తిరిగొచ్చేశాను.

మూడోసారి

తెల్లవారుతుండగా సార్ స్కూటరు మీద, వెనక నేను, నా భుజం మీద గుడ్డలో చుట్టిన కెమెరా స్టాండు. ఆ సాయంత్రానికి డిసెంబరు ఫోటో ప్రెస్సుకు చేరాలి. మిగతా పదకొండు నెలలు అప్పటికే అక్కడున్నాయి. సందు మలుపులోనే అగరుబత్తి వాసన వచ్చింది.

బండకు పసుపు పూసి ఉంది. నిలువెత్తున, అందినంత మేర. నడుమ పళ్లెమంత కుంకుమబొట్టు. చుట్టూ వేపమండల తోరణం, కొట్టిన కొబ్బరికాయ, రెండు నిమ్మకాయలు. పలకబండ మీద పద్నాలుగుమంది ఆడవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నడుమ నర్సమ్మ.

"వచ్చిండ్రా? తీయుండ్రి. బండ మైసమ్మను ఎట్ల తీస్తరో మేం సుత చూస్తం."

"నిన్న ఈ మైసమ్మ లేదు కదండీ" అన్నాను.

"మొన్నటిదాక నువ్వు సుత లేవు. రాలేదా? అమ్మ సుత గట్లనే వచ్చింది."

"అమ్మా, మీరు కొంచెం కిందికి దిగితే పది నిమిషాల్లో తీసేసుకుని వెళ్లిపోతాం."

నర్సమ్మ పక్కవాళ్ల వైపు తిరిగింది. "ఇంటున్నరా? నిన్న గంట అన్నది. ఇయ్యాల పది నిమిషాలంట. పేల్చే మందు ఎక్కువ తెచ్చినట్టున్నరు."

"గదే మందు, భుజం మీద," అంది ఒకావిడ, కెమెరా స్టాండు చూపించి. చివర కూర్చున్న ఇద్దరు లేచి ఇంకొంచెం పైకి జరిగి కూర్చున్నారు. పారిపోలేదు, పైకి జరిగారు. అది నాకు ఇప్పటికీ గుర్తు.

సార్ స్కూటరు స్టాండు వేసి, నన్నూ నర్సమ్మనూ మార్చి మార్చి చూసి, నా భుజం మీది మూట విప్పి మూడు కాళ్లూ నేల మీద నిలబెట్టి, పైన కెమెరా బిగించారు.

"గిదేంది," అంది నర్సమ్మ, "ఫోటో డబ్బానా?"

"ఫోటో డబ్బనే అమ్మా."

"మరి గీ పిల్ల బండ తీస్త అన్నదేంది?"

సార్ నెమ్మదిగా నావైపు తిరిగారు. "ఏమని చెప్పినవ్ బిడ్డా?"

"బండ తీస్తామని చెప్పాను సార్."

"ఫోటో అన్నవా?"

"అనలేదు సార్."

"ఒక్కసారన్న?"

"మనం అనం కదా సార్."

ఆయన స్కూటరు సీటు మీద కూర్చుండిపోయారు. ముందు నర్సమ్మ నవ్వింది. తర్వాత వరసగా మిగతా పదముగ్గురూ. ఒకావిడ నవ్వలేక బండమీద వెల్లకిలా పడుకుంది. "రాత్రంత నిద్ర లేకుంట పసుపు నూరినం గదనే, పరేషాన్ జేసినవ్" అని ఇంకొకావిడ నన్ను తిట్టింది.

నవ్వుతూ నవ్వుతూ నర్సమ్మ ఆగింది. "అయితే ఆ టేపువోళ్లు మీవోళ్లు కాదా?"

"మాకెందుకమ్మా టేపు," అన్నారు సార్.

నవ్వు ఆగిపోయింది. ఆ జాగా ఎవరో కొన్నారని వాళ్లు అంతకుముందే విని ఉన్నారు. ఇల్లు కట్టాలంటే బండ పోవాలి. నేను చేసిన తప్పల్లా, ఆ వచ్చేవాడి ముఖం నాకు తగిలించుకోవడం.

"అయితే తియ్యి," అంది నర్సమ్మ. "మమ్మల్ని సుత కలిపి తియ్యి. రేపు వాడు నిజంగ తీస్తే, ఇక్కడ ఉండెనని అన్న ఉంటది."

బండ మీదికి ఎండ వచ్చేసింది. పసుపూ బెల్లం రంగూ కలిసి వెలుగుతున్నాయి. "సార్, మనుషులు వద్దన్నారు" అన్నాను.

"ఎవలు?"

"కంపెనీ."

"కంపెనీ ఏడున్నది ఇక్కడ? ఎండ పోతది. తియ్."

తీశాను.

తర్వాత జరిగింది

కంపెనీ మేనేజరు ప్రూఫ్ చూసి స్టూడియోకే వచ్చారు. "మేము పీస్‌ఫుల్‌గా అడిగాం సార్. ఇది జాతరలాగుంది."

"మనుషులు లేని బండ కావాలంటే ఈ ఊర్ల దొరకది," అన్నారు సార్. "బండలు లేని మనుషులు కావాలంటే జెర ఆగుండ్రి. కొన్నేండ్లల్ల ఎక్కడ చూసినా వాళ్లే."

మేనేజరుకు కోపం వచ్చింది, కానీ గడువు దాటిపోయింది. అలాగే అచ్చయింది.

మిగతాది ఎవరూ అనుకోనిది. డిసెంబరు అంటే ఆఖరి పేజీ. ఏడాది అయిపోయాక మామూలు క్యాలెండరైతే పాత పేపర్లలోకి పోతుంది. ఇది పోలేదు. బొట్టు పెట్టిన అమ్మవారి బొమ్మ చెత్తలో ఎవరు వేస్తారు? ఉద్యోగులు ఇళ్లకు పట్టుకెళ్లారు. అమ్మలు, అత్తలు కింది తేదీలు కత్తిరించేసి పూజగదిలో పెట్టారు. దేవుళ్లు వద్దన్న కంపెనీవాళ్లే ఊరంతా దేవతను పంచారు. ఇదంతా అదే మేనేజరు చెప్పారు. వాళ్లింట్లోనూ పెట్టారట. చెప్పేటప్పుడు ఆయన నేల చూపులు చూశారు.

నర్సమ్మకు ఒక కాపీ ఇద్దామని నేను వెళ్తే, "పెండ్లయిందన్నరు, పిల్లలు ఎప్పుడు?" అని మొదలుపెట్టింది. మరో మూడేళ్లకు ఈ పిల్ల పుట్టింది.

నాలుగోసారి

మొన్న ఆదివారం పిల్లను తీసుకుని ఆ బస్తీకి వెళ్లాను. పది నెలల పిల్లతో బయటికెళ్లడమంటే నాకు చిన్న దండయాత్ర. టోపీ, రెండో టోపీ, కాచి చల్లార్చిన నీళ్లు, జ్వరం చూసే కడ్డీ, దోమల మందు, ఏమో ఎందుకైనా మంచిదని గొడుగు. అన్నిటి అడుగున కెమెరా.

బండ ఉంటుందో లేదో తెలియదు. ఏడాదిన్నరగా అటు వెళ్లలేదు. ఆటోలో కూర్చుని, బండ లేకపోతే నర్సమ్మకు ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. వాటిలో ఏదీ బాగా లేదు.

మలుపు తిరిగాం. ఉంది. పసుపు మళ్లీ పూశారు, కింద నాలుగు సిమెంటు మెట్లు కూడా కట్టారు. పలకబండ మీద ఎప్పటిలాగే వడియాలు.

నర్సమ్మ పక్కన కొత్తగా అద్దెకొచ్చిన ఒకమ్మాయి ఉంది. "ఎవరవ్వా ఆమె?" అని అడిగింది.

"బండ తీసిన పిల్ల," అంది నర్సమ్మ.

ఆ అమ్మాయి బండ వైపు చూసింది. నావైపు చూసింది. మళ్లీ బండ వైపు చూసింది.

టేపువాళ్లు మళ్లీ వచ్చారట. మేస్త్రీ, రాయి తొలిచే కంప్రెసర్ బండి, నలుగురు కూలీలు. ఆ మేస్త్రీ బండను చూడగానే చెప్పులు విడిచి, "ఈమె మా ఇంట్ల ఉన్నది కదా" అన్నాడట. ఆయన బామ్మర్ది మా క్యాలెండర్ పంచిన ఆ కంపెనీలోనే సెక్యూరిటీ. డిసెంబరు పేజీకి మేస్త్రీ భార్య ప్రతి శుక్రవారం దీపం పెడుతోంది. కొబ్బరికాయ కొట్టి, జాగా కొన్న మనిషిని ఫోన్లో పిలిచి, ఇంకెవరినైనా చూసుకోమని చెప్పి వెళ్లిపోయాడట. నర్సమ్మ ఈ కథ చెప్పినప్పుడు కూలీలు నలుగురు. సాయంత్రం ఆ అద్దెమ్మాయికి మళ్లీ చెప్పినప్పుడు ఏడుగురయ్యారు. ఎంత నిజమో నాకు తెలియదు. బండ మాత్రం ఉంది. ఇంకెవరైనా వస్తారేమోనన్న భయమూ ఉంది. ఆ భయం మీదే వాళ్లు రోజూ వడియాలు ఎండబెడుతున్నారు.

"ఇటియ్యి," అని నర్సమ్మ పిల్లను నా చేతుల్లోంచి తీసుకుని, టోపీ తీసేసి, వడియాల పక్కన బండ మీద కూర్చోబెట్టింది.

"అమ్మా, వేడి. చీమలుంటాయేమో. పక్కకు ఒరుగుతుంది."

"ఇన్నేండ్ల సంది బండకే ఏం కాలే. నీ బిడ్డకేమైతది?"

నేను చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కనే కూర్చున్నాను. పిల్ల ఒరగలేదు. రెండు అరచేతులూ బండకు ఆనించి, తల ఎత్తి, పైనున్న గుండ్రాయిని నోరు తెరుచుకుని చూస్తోంది. ఎండ దాని బుగ్గ మీదికి వచ్చింది.

"తీస్తలేవా?" అంది నర్సమ్మ.

కెమెరా సంచి అడుగునే ఉంది. పిల్లకు అది మొదటిసారి, చూడనీకె.